తోట ఒక్కపొద్దు

సిద్దమ్మ ముక్కుకు ఊళ్ళో అందరూ భయపడేవాళ్ళు. మొగుడు సుబ్బన్న చుట్ట మానేశానని ఒట్టుపెట్టి, ఊరి బయట కాల్చి, వేపాకు నమిలి, ముఖం కడుక్కుని వచ్చినా గడప దాటకముందే దొరికిపోయేవాడు. పక్కింటి గురమ్మ పులుసులో ఇంగువ వేసిందీ లేనిదీ గోడ ఇవతలినుంచే చెప్పేది. ఒకసారి గురమ్మ ఇంట్లో ఉట్టి మీది నెయ్యి పాడైందని కూడా ఇవతలినుంచే కేకేసి చెప్పింది. చూస్తే నిజంగానే పాడైంది. మేలు చేసిందని గురమ్మ సంతోషించాలి కదా! నా ఇంటి నెయ్యితో నీకేం పని అని నెలరోజులు మాటలు మానేసింది. మనుషులతో అదే చిక్కు.

సిద్దమ్మ పుట్టింది కడప దగ్గర, పెన్న ఒడ్డున పూలతోటలున్న ఊళ్ళో. పదమూడో ఏట పెళ్ళయి, డోన్‌కు రెండు మైళ్ళ అవతల ఉన్న ఈ మెట్ట ఊరికి వచ్చింది. వచ్చిన మొదటి వేసవిలో "ఈ ఊరికి వాసనే లేదు" అని ఏడ్చిందట. అత్త నవ్వి, పేడదిబ్బ దగ్గరికి తీసుకుపోయి, ఇదిగో వాసన అని చూపించిందట. ఉగాదికి వేప పూసే పది రోజులు తీసేస్తే, ఆ పిల్ల చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. కొర్ర, జొన్న, వేరుశనగ తప్ప మరో పైరు ఎరగని నేల అది. ఎటు చూసినా రాయి, సున్నపు దుమ్ము. దేవుడికి పెట్టే గన్నేరు పూలు, వంక గట్టున తంగేడు పూలు కంటికి ఆనేవే గాని ముక్కుకు ఆనేవి కావు.

మరుసటి ఏడు పుట్టింటినుంచి వస్తూ మూడు గుండుమల్లె అంట్లు తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుంది. ఊళ్ళో బావులన్నీ ఉప్పు. సుబ్బన్న తాత తవ్వించిన చేనిబావి ఒక్కటే తీపి. దాని పక్కన నాటింది. ఏటేటా వానాకాలంలో కొమ్మ వంచి మట్టిలో పాతి, వేరు పట్టాక కోసి, ఇంకో పాదులో పెట్టేది. మూడు ముప్పై అయ్యాయి. ముప్పై ఏళ్ళు గడిచేసరికి అర ఎకరంలో నూట అరవై పొదలు. అంతకుముందు కడప పిల్ల అని పిలిచిన ఊరు ఆమెను మల్లెల సిద్దమ్మ అనడం మొదలుపెట్టింది.

డోన్ జంక్షనులో వేసవి సాయంత్రం దిగినవాళ్ళకు ఆ రోజులు గుర్తుంటాయి. మొదట బొగ్గుపొగ తగులుతుంది. దాని వెనకే గానుగ చెక్క వాసన, ముగ్గిన కర్బూజాల వాసన, ఎండకు కాగిన పట్టాల వాసన, చెమట. వీటన్నిటినీ పక్కకు తోసుకుంటూ వచ్చేది సిద్దమ్మ బుట్ట. మోదుగాకుల మీద తడిగుడ్డ, గుడ్డ కింద మూరలు మూరలుగా మల్లెదండలు. గుంతకల్లు వైపు పోయే బండి వచ్చే వేళకు సరిగ్గా మొగ్గలు విచ్చుకునేవి. ఇది దానంతటది జరిగే పని కాదు. పొద్దు నడినెత్తికి రాకముందే ఏ మొగ్గ ఈ సాయంత్రం విచ్చుతుందో చూసి కోయాలి. తొందరపడి కోస్తే బియ్యపుగింజలా బిగుసుకుపోతుంది, ఆలస్యమైతే బుట్టలోనే వాడుతుంది. అందరూ మొగ్గ బొద్దుతనం చూసి కోస్తారు. సిద్దమ్మ కొమ్మ దగ్గర ముఖం పెట్టి పీల్చేది. పచ్చివాసన పోయి తీపి మొదలైన మొగ్గనే గిల్లేది. బండి కిటికీల్లోంచి చేతులు బయటికి వచ్చేవి. ఆమె చేతులు పొట్టివి కాబట్టి మూర కూడా పొట్టిదని గొణిగేవాళ్ళు, గొణుగుతూనే కొనేవాళ్ళు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మల్లె ఊరికే పూయదు. ఏడాది పొడుగునా నీళ్ళుపెట్టి ముద్దుచేస్తే ఆకు మీద ఆకు వేస్తుంది, ఒక్క మొగ్గ తొడగదు. దాన్ని ఎండగట్టాలి. పుష్యమాసంలో నీళ్ళు ఆపేసి, కొమ్మలు కత్తిరించి, ఉన్న ఆకంతా దూసేసి, మోడు చేసి నెలన్నర అలా ఉంచాలి. ఆ తర్వాత ఒక్కసారిగా పాదులు నిండా నీళ్ళు పారించాలి. చచ్చినంత పనై బతికిన చెట్టు అప్పుడు ఒళ్ళంతా మొగ్గలు వేస్తుంది. తోటమాలులు దీన్ని ఎండగట్టడం అంటారు. సిద్దమ్మకు ఆ మాట నచ్చదు. "తోట ఒక్కపొద్దుంది" అనేది. మనుషులు ఉపవాసం ఉన్నట్టు. శివరాత్రి మరునాడు ఆ ఒక్కపొద్దు విడిచే రోజు. ఆకు దూసేటప్పుడు ఒక్కొక్క పొదతోనూ "శివరాత్రికి పెడతాలే, ఓర్చుకో" అని చెప్పేది. సుబ్బన్న నవ్వేవాడు. చెట్లకు చెవులుండవన్నది అతని అభిప్రాయం.

పంతొమ్మిది వందల యాభై రెండు వచ్చేసరికి వానలు మొహం చాటేసి మూడేళ్ళు. పశువులను కర్నూలు కాలువ కిందికి తోలుకుపోయినవాళ్ళు తోలుకుపోయారు, అమ్ముకున్నవాళ్ళు అమ్ముకున్నారు. కుంట ఎండి పెచ్చులు లేచింది. అయినా సుబ్బన్న బావిలో ఆ పుష్యమాసానికి రెండు నిలువుల నీళ్ళున్నాయి. ఎన్నడూ తప్పని ఊట.

"ఈ యేడు ఆకు దూయొద్దులే సిద్దీ" అన్నాడు సుబ్బన్న. "చెట్లు పచ్చగుంటే శాలు. పూలు వచ్చే యేడు చూసుకుందాము."

"దూయకుంటే ఆకొస్తాది గానీ మొగ్గ యాడొస్తాది?" అంది సిద్దమ్మ. "నువ్వు లెక్క సరిగ్గా చూడు. తోటకు ఒక్కపొద్దు పెడితే నెలన్నర నీల్లు పనిలేదు. ఆ నీల్లన్నీ యాడికి పోతాయి? బాయిలోనే ఉంటాయి. శివరాత్రికి ఇంగా నిండుగుంటాది."

సుబ్బన్న ఆలోచించాడు. లెక్క సరిగానే కనిపించింది. ముప్పై ఏళ్ళుగా తోట పని చేసినవాళ్ళకు తప్ప ఇంకెవరికీ తట్టని లెక్క అది, కాబట్టి తోట పని ఎరిగినవాళ్ళే చేయగల తప్పు కూడా అది. ఆకు ఉన్న మల్లె కొద్దిపాటి తడితోనైనా వాడుతూ తేరుతూ ఏడాది ఈడుస్తుంది. ఆకు దూసిన మల్లెకు మాత్రం చెప్పిన రోజుకు నీళ్ళు పడాలి. ఈ సంగతి సిద్దమ్మకు తెలియక కాదు. బావి మీద ఆమెకు అంత నమ్మకం.

ఇద్దరూ వారం రోజులు ఆకు దూశారు. నూట అరవై పొదలతోనూ ఆమె ఎప్పటిమాటే చెప్పింది.

ఊరు తాగేది వంకలో తవ్విన చెలమల నీళ్ళు. ఆకు దూసిన పదో రోజున వంకలో ఇసక పొడిపొడిగా వచ్చింది. ఎంత లోతుకు తవ్వినా ఇసకే. ఆ సాయంత్రం గురమ్మ కడవ పట్టుకుని చేనిబావి దగ్గరికి వచ్చింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. సిద్దమ్మ చేదుకోమంది. తాగే నీళ్ళు వద్దంటారా ఎవరైనా? వారం తిరిగేసరికి రోజుకు ఇరవై కడవలయ్యాయి, ఆపైన నలభై. ఊరి బయటి పేటలోంచి ఏసన్న పెళ్ళాం, ఆమెతో నలుగురైదుగురు వచ్చి, ఆనాటి కట్టుబాటు ప్రకారం దూరంగా నిలబడితే, సిద్దమ్మే చేది వాళ్ళ కడవల్లో పోసేది. ఇంటికి ఒక కడవ, అంతకు మించి ఎవరూ అడగలేదు. కానీ ఊట కూడా ఆ ఏడు ఊరివాళ్ళలాగే చిక్కిపోయింది. తోడినంత తిరిగి ఊరలేదు. రోజూ బావిలోకి వంగి చూసి సిద్దమ్మ రాళ్ళ వరసలు లెక్కపెట్టుకునేది. రోజుకొక వరస బయటపడేది. అయినా శివరాత్రికి ఎలాగో అవుతుందిలే అనుకుంది. అలా అనుకోకపోతే ఆ నెల గడిచేది కాదు.

శివరాత్రి మరునాడు పొద్దున్నే సుబ్బన్న ఎద్దులను తోలుకుని కపిల భుజాన వేసుకుని వచ్చాడు. కపిల అంటే ఎద్దులు లాగే తోలుసంచి, ఒక్క లాగుకు పది కడవల నీళ్ళు తెస్తుంది. బావి చుట్టూ అప్పటికే ఆడవాళ్ళు కడవలతో నిలబడి ఉన్నారు. కపిలను చూసి అందరూ కడవలు కింద పెట్టారు. గురమ్మే ముందుకు వచ్చింది.

"మేము పక్కకు నిలబడతాము వదినా. మీరు తోలుకోండి. తోట ఒక్కపొద్దు ఇడిసే దినం గదా ఈ పొద్దు" అంది.

సిద్దమ్మ బావిలోకి చూసింది. అడుగున మోకాటి లోతు నీళ్ళు. అదైనా మట్టిరంగు. కపిల సగం కూడా మునగదు. ముప్పై లాగులు లాగితే అడుగు కనబడుతుంది, ఆ ముప్పై లాగులతో రెండు వరసల పాదులు తడుస్తాయి. అంటే ఇరవై పొదలు బతకవచ్చు. నలభై ఇళ్ళలో ఆ రోజు తాగడానికి ఏమీ ఉండదు. రేపటి సంగతి దేవుడికి తెలియాలి.

గురమ్మ తిట్టి ఉంటే సిద్దమ్మ ఎద్దులను తోలి ఉండేదేమో. నా బావి, నా తోట, మీకు దిక్కున్నచోట చెప్పుకోండి అని ఉండేదేమో. ఆమె నోటికి ఆ శక్తి ఉంది. కానీ గురమ్మ పక్కకు నిలబడింది. వెనకనున్న ఆడవాళ్ళంతా కడవలు ఎత్తుకుని, ఒక్కరూ గొణగకుండా పక్కకు జరిగారు. ఒకామె చంకలోని బిడ్డ పెదాలు పగిలి ఉన్నాయి.

"ఎద్దుల్ని ఇప్పు" అంది సిద్దమ్మ.

"సిద్దీ, బాగా ఆలోచన చెయ్యి" అన్నాడు సుబ్బన్న. "ఈ పొద్దు తప్పితే ఇంగ తోట లేదు."

"ఇప్పమంటి గదా!" అని అరిచింది. ఆ అరుపుతోనే ఆడవాళ్ళ మీదికి తిరిగింది. "ఏం జూస్తాండారు? రాండి. చేదుకోండి. నా తోటను తాగండి అందరూ! బాగా తాగండి!"

వాళ్ళు వచ్చారు, తాగారు. ఎవరూ వెనకాడలేదు, వెనకాడే పరిస్థితి ఎవరికీ లేదు కాబట్టి వాళ్ళను అనడానికీ లేదు. సిద్దమ్మ తోట గట్టున కూర్చుని, నూట అరవై మోళ్ళ వైపు వీపు తిప్పుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చెట్లకు చెవులుండవని చెప్పే సుబ్బన్న ఆ రోజు తోటలోకి పోలేకపోయాడు.

మరునాటినుంచి అందరిలాగే ఆ ఇంటికీ ఒక్క కడవే. అందులో సగం సంకటికి, తాగడానికి. మిగతా సగం తోటకు. సగం కడవ నూట అరవై పొదలకు ఏ మూలకు? పది ఎంచుకుంది. అవి చాలవని తేలాక నాలుగు. ఎంచుకోవడం అన్నది ఎంత పాపమో అప్పుడు తెలిసిందామెకు. దీనికి పోస్తే పక్కదానికి ఏం చెప్పాలి? చివరకు పుట్టింటినుంచి తెచ్చిన మొదటి మూడింటిలో మిగిలిన ఒక్క పొద దగ్గర ఆగింది. ఊరిలోని మల్లెలన్నిటికీ అదే తల్లి.

రోజూ పొద్దున్నే పొద పొదకూ పోయి కొమ్మ మీద గోరుతో గీకి చూసేది. బెరడు కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. పచ్చి మల్లెకొమ్మను గీకితే లేత దోసకాయ చెక్కు వాసన వస్తుంది. ఆ వాసన కోసమే గీకేది. మొదటి వారంలో ఎక్కడ గీకినా వాసన వచ్చింది. రెండో వారంలో కొన్నిట తెల్లగా కనిపించింది, ఆ తర్వాత గోధుమరంగు. ముక్కు దగ్గర పెట్టుకున్నా ఏమీ తగలలేదు. పాడైన నెయ్యిని గోడ ఇవతలినుంచి పట్టుకున్న ముక్కు అది. ఏ వాసనా లేకపోవడమన్నది దానికి అదే మొదటిసారి. నోరు తెరిచి, గట్టిగా, ఊపిరి ఎగబీల్చి మళ్ళీ చూసేది. ఏమీ లేదు. ఉగాదినాటికి నూట యాభై తొమ్మిదిటికీ అంతే.

ఆ ఉగాదికి వేపచెట్లు మాత్రం సిగ్గులేకుండా పూశాయి. మూడేళ్ళు చుక్క పడకపోయినా ఊరు ఊరంతా చేదూ తీపీ కలిసిన ఆ వాసన. పచ్చడిలోకి పువ్వు దులుపుకుంటూ పిల్లలు అరుస్తుంటే సిద్దమ్మ తలుపు మూసుకుంది. పండగపూట ఇదేం బుద్ధి అని ఎవరూ అడగలేదు.

ఒకరోజు సుబ్బన్న డోన్‌నుంచి వస్తూ ఒక మాట మోసుకొచ్చాడు. స్టేషనులో ఇంజనుకు నీళ్ళు పట్టేటప్పుడు గొట్టం కింద బోలెడు నీళ్ళు కిందికి కారిపోతాయని. మరునాడే సిద్దమ్మ కడవ ఎత్తుకుని బయలుదేరింది. అక్కడ అప్పటికే పదిమంది ఆడవాళ్ళున్నారు. కాగిన నేల మీద నీళ్ళు పడగానే మన్ను వాసన గుప్పుమంది. మూడేళ్ళుగా ఎరగని తొలివాన వాసన. ఆ వాసన తగలగానే సిద్దమ్మ కడవ పట్టడం మరిచిపోయింది. అక్కడే నిలబడిపోయింది. తేరుకునేసరికి గొట్టం కట్టేశారు. రెండో రోజునుంచి ఆ తప్పు చేయలేదు. ఎండలో రెండు మైళ్ళు మోసుకొచ్చి తల్లిపొద పాదులో పోసేది. ప్లాట్‌ఫారం మీద తెలిసినవాళ్ళు కనిపించి "ఏం సిద్దమ్మా, పూలేవి?" అని అడిగేవాళ్ళు. బండిలో ఊరు దాటి పోయేవాళ్ళకు ఊరి సంగతి ఏం తెలుస్తుంది? "ఒక్కపొద్దుండాయి" అని చెప్పి కడవ సర్దుకునేది.

పన్నెండు రోజులు మోసింది. పదమూడో రోజున గోరుతో గీకితే తల్లిపొద కూడా గోధుమరంగు చూపించింది. తెచ్చిన కడవను దింపలేదు. నెత్తిన ఉన్నది ఉన్నట్టే ఇంటికి తీసుకుపోయి సంకటి వండింది.

వైశాఖంలో ఊరికి గంజికేంద్రం వచ్చింది. వంటకు కట్టెలు కావాలన్నారు. సుబ్బన్న గడ్డపార తీసుకుని తోటలోకి పోయి మోళ్ళన్నీ పెకలించి బండికెత్తాడు. సిద్దమ్మ అడ్డుచెప్పలేదు. మధ్యాహ్నం గిన్నె పట్టుకుని వరసలో అందరితోపాటు నిలబడింది. వంటచేసే లేవి అనే అతను పొయ్యిలోకి కట్టె తోస్తూ, "మల్లెకట్టెలంట గదమ్మా, గంజి గూడా గుమగుమలాడతాది ఈ పొద్దు" అన్నాడు. ఎగతాళి కాదు, ఆకలి మీదున్నవాళ్ళను నవ్వించాలని అన్నాడు. సిద్దమ్మ పొయ్యి దగ్గరకు పోయి వంగి పొగ పీల్చింది. తుమ్మకట్టె పొగ ఎలా ఉంటుందో అలాగే ఉంది. దగ్గు వచ్చింది. గంజి పోయించుకుని తాగింది.

ఊళ్ళోవాళ్ళు కృతజ్ఞత లేనివాళ్ళు కారు. ఆ ఎండాకాలం ఆ బావి అడుగునుంచే ఊరంతా ప్రాణం నిలుపుకుంది. మెల్లగా ఆమె పేరు మారింది. బాయి సిద్దమ్మ అన్నారు. సిద్దమ్మ తల్లి బాయి అన్నారు. వచ్చేపోయేవాళ్ళకు చూపించి చెప్పారు. అలా పిలిస్తే ఆమె పలికేది కాదు. నీళ్ళు వదిలింది వాళ్ళ కోసం కాదు, వాళ్ళు తిట్టకుండా పక్కకు నిలబడ్డారు కాబట్టి ఎద్దులను తోలలేకపోయింది, అంతే. దానికి పేరు పెట్టి పిలవడం ఆమెకు పుండు మీద కారంలా ఉండేది. పిలిచేవాళ్ళకు అది తెలియదు.

మృగశిర కార్తెలో ఒక సాయంత్రం ఉరిమి కురిసింది. ఊరు ఊరంతా వీధిలోకి పరుగెత్తింది. ముసలివాళ్ళు కూడా చేతులు చాచి నిలబడ్డారు. మొదటి చినుకులకు ఎర్రమన్ను లేచి వాసన కొడుతుంటే "అబ్బా, ఏం వాసన!" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. గురమ్మ ఏడుస్తూ నవ్వింది. సిద్దమ్మ ఇంట్లో మూలన కూర్చుని రెండు చేతులతో ముక్కు మూసుకుంది. ఆ ముక్కుకు చేతులు అడ్డమా? వేళ్ళ సందుల్లోంచి వచ్చింది. నాలుగు నెలల ముందు ఒక్క పూట వచ్చి ఉంటే చాలు కదే అని ఆకాశాన్ని బూతులు తిట్టింది. పచ్చిబూతులు. సుబ్బన్న తలుపు దగ్గరగా వేశాడు.

శ్రావణంలో గురమ్మ కాలువ కింద ఊళ్ళో ఉన్న తమ్ముడి దగ్గరికి పోయి వచ్చింది. వచ్చీరాగానే తడిగుడ్డలో చుట్టిన గుండుమల్లె అంటు ఒకటి తెచ్చి సిద్దమ్మ ముందు పెట్టింది.

"బాయిలో నీల్లు నిలబడినాయి వదినా. మూడింటితో మొదలుపెట్టినావంట గదా అప్పట్లో. ఇప్పుడు ఒకదాంతో పెట్టు. నీల్లు నేను మోస్తా, నువ్వు కూర్చోని చెప్పు, శాలు" అంది.

సిద్దమ్మ గుడ్డ విప్పింది. వేళ్ళు తెల్లగా, ఆరోగ్యంగా ఉన్నాయి. కొమ్మ మీద గోరుతో కొంచెం గీకి, ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు అలాగే పట్టుకుంది. గురమ్మ ఆశగా చూస్తూ నిలబడింది.

"అంటు మంచిదే" అంది సిద్దమ్మ. "నాటేదానికేముండాది గురమ్మా, నాటొచ్చు. మూడేండ్లకు పొదవుతాది. మల్లా పుష్యమాసం వస్తాది. నీల్లు మానిపిచ్చి, ఈ చేతులతోనే ఆకంతా దూయాల. శివరాత్రికి పెడతాలే, ఓర్చుకో అని దానికి చెప్పాల. ఏ నోటితో చెప్పేది?"

గురమ్మ అంటును మళ్ళీ గుడ్డలో చుట్టి తీసుకుపోయి తన దొడ్లో నాటుకుంది. మంచి నీళ్ళు పడి అది బాగా పెరిగింది. ఆకు దూయడం తెలిసింది ఊళ్ళో ఆ ఆలుమగలకే. ఆమె దూయనంది, ఆమె కాదన్నాక సుబ్బన్న చెయ్యి పెట్టలేదు. పదేళ్ళలో గోడ ఎత్తు పొద అయింది గాని, ఒక్క వేసవిలోనూ అది పూయలేదు.